పొలిమేర కేకలు – దేశపు యుద్ధములు

ప్రతి సంవత్సరమును సెప్టెంబరు 17వ తేదీ వచ్చుసరికి కృష్ణకు ఆవలిగట్టున ఒక వివాదము తలయెత్తుచుండును. 1948వ సంవత్సరమున ఆ దినము జరిగినదానికి ఏమి పేరు పెట్టవలెనను వివాదమది. విమోచనమని కొందరు, విలీనమని కొందరు, సమైక్యతయని కొందరు, ఆక్రమణమని మరికొందరు. 2022లో కేంద్రప్రభుత్వము దానిని విమోచన దినమని జరుప మొదలిడగా, ఆ యేడే రాష్ట్రప్రభుత్వము సమైక్యతా దినమని జరిపెను. 2024లో అధికారమునందున్న క్రొత్త ప్రభుత్వము ప్రజాపాలన దినమనెను. ఒక్క బిడ్డకు ఇన్ని బారసాలలు జరుగుచుండగా, ఇవతలి గట్టుననున్న మనము, గుంటూరు మండలమువారము, అది మన యింటి కార్యము గాదన్నట్లు ఊరకున్నాము. ఈ ఊరకుండుట మాకు సరిగా తోచుట లేదు.

ఏలయన, ఆ సైనికచర్య ఢిల్లీలో నిశ్చయింపబడినదేగాని, ఢిల్లీలో మాత్రమే పుట్టలేదు. బెజవాడలో, గుంటూరులో, షోలాపురములో, బళ్లారిలో పుట్టినది. ఇరుగుపొరుగు రాష్ట్రములలో పుట్టిన భయము, కోపము, ఆశ, పంతము కలిసి పదమూడు నెలల పసిదేశమును కత్తి దూయుమని తొందరచేసినవి. అందు ధర్మమెంత, స్వార్థమెంత అను లెక్కను తొందరచేసినవారే తీయవలసియున్నది. ఆ దినమునకు ఏ పేరు తగునో చెప్పుట మా ఉద్దేశము గాదు. దాని వెనుకనున్న ప్రేరణలెట్టివో విచారించుటయే మా ఉద్దేశము.

యుద్ధములకు చెప్పబడు కారణము వేరు, ఉన్న కారణము వేరు అని మన ప్రాంతమువారికి ఒకరు నేర్పవలసిన పనిలేదు. ప్రత్తిపాటినుండి వాయవ్యముగా పోయినచో పలనాడు. కోడిపోరులో ఓడి బ్రహ్మన్న పక్షమువారు రాజ్యము విడిచి పోయిరనియు, గడువు తీరినపిదప భాగమడిగిన రాయబారము విఫలమై కారెమపూడి రణరంగమైనదనియు కథ. పన్నెండవ శతాబ్దముననాటి ఆ కథను నేటికిని కారెమపూడిలో ఏటేట వీరారాధనము చేసి తలచుకొనుచున్నాము. కోడి ఓడుటచేత వీరులందరు చచ్చిరని నమ్ము అమాయకుడు పలనాటిలో ఒక్కడును లేడు. దాయాదుల భూమిపంతమునకు కోడి ఒక నెపము. కోడిని చూచి గుంపు కేకలు వేయుచుండగా, రాజ్యమును చూచువారు వెనుక కూర్చుండియుందురు.

మన పొలిమేర దాటి లోకమును చూచినను ఇదే వరుస. అమెరికా సంయుక్త రాష్ట్రములు స్వాతంత్ర్యమును ప్రకటించుకొన్న 36 సంవత్సరములకు, 1812 జూన్ 18వ తేదీన, ఇంగ్లాండుపై యుద్ధము ప్రకటించెను. చెప్పిన కారణము నౌకలు. ఇంగ్లీషు యుద్ధనౌకలు అమెరికా ఓడలను సముద్రముపై ఆపి, నావికులను బలవంతముగా తమ కొలువులోనికి ఈడ్చుకొనిపోవుచుండెను. అది నిజమైన అవమానమే. కాని ఓడలు గలవారెవరు? ఈశాన్యమునందలి న్యూ ఇంగ్లాండు రాష్ట్రములవారు. యుద్ధము వలదని మొరపెట్టినవారును వారే! యుద్ధము కావలెనని గర్జించినవారిలో ముఖ్యులు కెంటకీ నాయకుడు హెన్రీ క్లే, దక్షిణ కరొలినా నాయకుడు కాల్‌హూను. కెంటకీ రైతునకు సముద్రమెట్లుండునో తెలియదు. అయినను వానికి కెనడా భూములు తెలియును, ఆదిమజాతుల నేలలు తెలియును. దక్షిణమువానికి ఫ్లారిడా తెలియును, ఐరోపా రేవులు మూతపడుటచేత పడిపోయిన తన ప్రత్తి వెలయు తెలియును. ప్రజాప్రతినిధి సభలో 79కి 49, పెద్దల సభలో 19కి 13 ఓట్లతో తీర్మానము నెగ్గినది. అనుకూలపు ఓట్లలో పెద్దభాగము దక్షిణ పశ్చిమములది. అవమానము సముద్రతీరమువారిది, ఆవేశము నట్టనడిమివారిది.

దాని ఫలమేమి? 1814 ఆగష్టులో ఇంగ్లీషుసేన వాషింగ్టను నగరమును ప్రవేశించి అధ్యక్షభవనమును తగులబెట్టెను. కెనడా చేజిక్కలేదు. ఆ సంవత్సరము డిసెంబరు 24వ తేదీన గెంట్ నగరమున సంధి జరిగినపుడు, ఏ నావికుల పేరు చెప్పి కత్తి దూసిరో ఆ నావికుల ప్రసక్తి ఆ పత్రమున ఒక్క పంక్తియైనను లేదు! ఎవరి భూమి వారిదే అని వ్రాసికొని లేచిరి. ఈలోగా యుద్ధమును సహింపలేని న్యూ ఇంగ్లాండు ప్రతినిధులు హార్ట్‌ఫర్డులో సభచేసి కేంద్రముపై తమ యసమ్మతిని ప్రకటించిరి. దేశము ఒక్కటిగా నిలుచునా అను సంశయమే కలిగెను. ఒక ప్రాంతపు ఆశను దేశపు గౌరవమని పేర్కొన్నచో, రెండవ ప్రాంతపు విశ్వాసము తెగును. ఈ పాఠమును అమెరికా వారు వెలయిచ్చి నేర్చుకొనిరి.

ఇక మన కథకు వత్తము.

1947 ఆగష్టు 15వ తేదీన భారతదేశము స్వతంత్రమైనపుడు నైజాము ప్రభువు ఇటు చేరలేదు, స్వతంత్రుడనని నిలిచెను. సుమారు 82 వేల చదరపు మైళ్ల రాజ్యము. సుమారు 1 కోటి 60 లక్షల జనము. పదునారు జిల్లాలలో ఎనిమిది తెలుగువి, అయిదు మరాఠీవి, మూడు కన్నడవి. నవంబరు 29వ తేదీన యథాతథపు ఒడంబడిక వ్రాసికొనిరి. ఒక సంవత్సరము ఎక్కడివారక్కడ నిలిచి మాటలాడుకొనవలెనని దాని భావము. మాటలాడుట సాగుచుండగనే నైజాము సర్కారు పాకిస్థానునకు 20 కోట్ల రూపాయల ఋణమిచ్చెను; తన రాజ్యమున భారత నాణెమును నిషేధించెను; కరాచీనుండి విమానములపై దొంగచాటుగా తుపాకులు దింపించెను. ఆ తుపాకులు మోసిన ఆస్ట్రేలియా వైమానికుని పేరు సిడ్నీ కాటను. ఒక కాటను తెలుగునేలకు నీరు తెచ్చెను, ఇంకొక కాటను నిప్పు తెచ్చెను!

కాశిం రజ్వీ నాయకత్వమున రజాకారుదళములు పల్లెలపై పడినవి. 1948 ఆగష్టు 27వ తేదీన బైరాన్‌పల్లి గ్రామస్థులు పెక్కుమంది కాల్చి చంపబడిరి. భారతదేశమున చేరుటయే మేలని తన పత్రికలో వ్రాసిన నేరమునకు షోయబుల్లాఖాను అను యువ సంపాదకుడు ఆ నెలలోనే హైదరాబాదు వీథిలో నరకబడెను. అతడు ముసల్మాను. ఆ పోరాటము మతపోరాటమని చెప్పువారు ముందు ఆ సంపాదకుని సమాధికి నమస్కరించి మాటలాడవలెను. కావున, నైజాము సర్కారు చేసిన దుర్మార్గము కల్పితమని మేమనుట లేదు. అది మన కన్నుల యెదుట జరిగినది. తల్లులు పిల్లలను చంకనెత్తుకొని కృష్ణాజిల్లా గుంటూరుజిల్లా ఊళ్లకు వచ్చిరి. సత్రములు, బడులు, ప్రత్తి గోదాములు వారికి నివాసములయ్యెను. వారిని చూచి రక్తము మరగనివాడు మనుష్యుడు గాడు.

అయినను ఒక్కటి గమనింపవలసియున్నది. ఆ వలసవచ్చినవారందరు ఒక్కతీరువారు గారు. రజాకారులకు వెరచి వచ్చిన రైతు ఒకడు. ఆ రైతుల సంఘమునకు వెరచి వచ్చిన దేశముఖు ఒకడు. మొదటివాడు చెట్టునీడను వండుకొనుచుండెను. రెండవవాడు బెజవాడలో మేడ అద్దెకు తీసికొనెను. ఇద్దరును సైన్యము రావలెననియే కోరిరి. మొదటివానికి సైన్యము వచ్చిన ప్రాణము దక్కును. రెండవవానికి సైన్యము వచ్చిన, 1946 మొదలుకొని సంఘము పంచిపెట్టిన భూమి మరల దక్కును. కమ్యూనిష్టులు చెప్పుకొన్న లెక్కలో అట్లు వారి వశమైన గ్రామములు సుమారు 3 వేలు, పంచిన భూమి 10 లక్షల యెకరములు. ఒకే కేకలో రెండు కోర్కెలు కలిసి ఢిల్లీకి చేరెను. ఢిల్లీకి కేక వినబడునుగాని, కేకలోని గొంతులు వేరువేరుగా వినబడవు.

ఇది ఒక ప్రేరణ. రెండవది విశాలాంధ్రపు కల. ఆ కలను మేము తక్కువచేసి మాటలాడము. తెలుగుజాతి మదరాసుక్రింద కొంత, నైజాముక్రింద కొంత చీలియుండుట మన పెద్దల గుండెలలో ముల్లు. 1946 నాటికే సుందరయ్యగారు విశాలాంధ్రలో ప్రజారాజ్యమని పొత్తము వ్రాసిరి. కాంగ్రెసువారి వేదికలపైనను ఆ మాట మ్రోగుచుండెను. కాని తెలుగువారికెట్టి కలయో మరాఠీలకు అట్టి కలయే, కన్నడులకును అట్టిదే. నైజాము రాజ్యము విరిగినగాని ఈ మూడు రాష్ట్రములును పూర్తిగావు. కావున మూడు వైపులనుండియు ఒత్తిడి కలిగెను. ప్రజావిమోచనమే కోరినవాడు ప్రజలు విముక్తులైనతోడనే తృప్తుడగును. రాజ్యభాగము కోరినవాడు అటుపిమ్మట పాలు పంచుకొనుటకు కూర్చుండును. ఎవరెవరు తృప్తులై లేచిరో, ఎవరెవరు కొలబద్దలు చేతబట్టుకొని కూర్చుండిరో చరిత్ర చెప్పుచున్నది.

మూడవది భయము. నైజాము పక్షమువారు బీరారును మరల ఇమ్మని అడుగుచుండిరి. సముద్రపు రేవు కావలెననుచుండిరి. అందు బందరుపేరు వినబడుచుండెను. గుంటూరు సర్కారు 1788వ సంవత్సరమున గదా కంపెనీవారి వశమైనది! అంతకుమున్ను అది ఆసఫ్‌జాహీల యేలుబడిలోనిదే. రేపు గుంటూరును గూడ అడిగెదరేమో యను శంక మన కరణముల అరుగులమీద, వకీళ్ల వసారాలలో పుట్టినది. నిజమునకు ఆ శంకకు బలము లేదు. రేవు అడుగుటకు నోరున్నదిగాని, తీసికొనుటకు చేయి లేదు. అయినను సభలలో జనమును లేపుటకు ఆ శంక చాలును. బలహీనుడైన శత్రువును బలవంతుడని చూపుట యుద్ధోపన్యాసకుల ప్రాచీనవిద్య.

నాలుగవది పార్టీల పోటీ. 1947 మార్చిలో ప్రకాశముపంతులుగారి మంత్రివర్గము స్వపక్షమువారి చేతనే కూలినది. ఆంధ్ర కాంగ్రెసు వర్గములుగా చీలియుండెను. ఎదుట కమ్యూనిష్టులు. తెలంగాణములో వారు తుపాకి పట్టి రజాకారులతో పోరుచుండగా, ఇవతల ఖద్దరుచొక్కా తొడిగి తీర్మానములు చదువుట కాంగ్రెసు కార్యకర్తలకు సిగ్గుగా తోచెను. సరిహద్దున శిబిరములు వెలసినవి. వానిలో నిజమైన త్యాగులు కలరు. స్వామి రామానంద తీర్థుల పిలుపుపై చెరసాలకు పోయినవారు కలరు. రేపటి స్థానములకు నేడే వరుసలో నిలుచున్నవారును కలరు. 1948 మే నెలలో నైజాము సర్కారు కమ్యూనిష్టుపార్టీపై నిషేధము ఎత్తివేయుటతో మదరాసు ప్రభుత్వమునకు భయము హెచ్చెను. అవతలిగట్టున ఆశ్రయము దొరికినచో ఇవతల జిల్లాలు చేజారునని మొరపెట్టిరి. ఇట్లు, రజాకారులను అణచుటకని వెళ్లిన సైన్యమునకు రెండవ పని ముందే సిద్ధమైయుండెను.

ఇన్ని ప్రేరణల నడుమ ఢిల్లీవారు పదమూడు మాసములు ఓర్చిరి. నెహ్రూగారు తటపటాయించిరి, పటేలుగారు తొందరించిరి అని చెప్పుట వాడుక. మా దృష్టిలో ఆ తటపటాయింపు దోషము గాదు. కత్తి దూయుటకు ముందు నూరు మారులు ఆలోచించు రాజు, దూసినపిదప ఒరలో పెట్టుటకును ఎరుగును. జూన్‌లో వ్రాసిన ఒడంబడిక ముసాయిదాను నైజాము త్రోసివేసెను. ఆగష్టులో ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు చేసెను. సెప్టెంబరు 13వ తేదీన సైన్యము కదిలినది. ప్రధానదళము షోలాపురమునుండియు, మరియొక దళము మన బెజవాడనుండియు నడిచినవి. అయిదవ దినమున నైజాము లొంగెను. 18వ తేదీన ఎడ్రూసు సేనాని జనరల్ చౌధురికి తన సైన్యమును అప్పగించెను. ఇంతవరకు ఇవతలి పత్రికలు వ్రాసినవి, సభలు కొనియాడినవి.

తరువాతి కథను వ్రాసినవారు తక్కువ. నెహ్రూగారు పంపిన పండిత సుందర్‌లాలు సంఘము ఆ నవంబరు డిసెంబరు నెలలలో జిల్లాలు తిరిగి నివేదిక వ్రాసినది. సైనికచర్య సమయమునను తరువాతను చంపబడిన జనము కనీసము 27 వేలు మొదలు 40 వేలవరకు ఉండునని వారి అంచనా. ఎక్కువమంది ముసల్మానులు. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలలో ఘోరము హెచ్చు. సరిహద్దులకు ఇవతలనుండి సైన్యమువెంట సాయుధులు ప్రవేశించిరనియు, కొన్నిచోట్ల సైనికులును పోలీసులును దోపిడిలో పాలుపొందిరనియు, పెక్కుచోట్ల సైన్యము క్రమముగా ప్రవర్తించెననియు ఆ నివేదికయే చెప్పుచున్నది. అది దశాబ్దములపాటు బీరువాలోనే యుండి, 2013లోగాని పరిశోధకుల చేతికందలేదు. అరువదియైదేండ్లు నిజమును తాళమువేసి దాచిన దేశము బలమైనదని మేమెట్లందుము? రజాకారుల దుర్మార్గమును తలచుకొనుటకు మనకు హక్కు కలదు. కాని ఆ దుర్మార్గమునకు లాతూరులోని దర్జీ, బీదరులోని నేతగాడు ఎట్లు బాధ్యులు? పొలిమేర కేకలలో ఒకటి ప్రతీకారపు కేక. సైన్యము ముందు నడువగా అది వెనుక నడిచినది.

తెలంగాణములో సైన్యము రెండవ పనికి పూనుకొనెను. దేశముఖులు బండ్లు కట్టుకొని మరల గడీలకు చేరిరి. మేడ అద్దెకు తీసికొన్నవాని కోర్కె ఫలించినది. చెట్టునీడను వండుకొన్నవానికి రజాకారుని భయము పోయి పోలీసు భయము వచ్చినది. 1951 అక్టోబరులో పార్టీ పోరాటమును విరమించువరకు ఆ నిప్పు ఆరలేదు. ఆ పోరాటమున మొత్తము మీద 4 వేలమంది మడిసిరని కమ్యూనిష్టుల లెక్క. వారి మార్గము మాది గాదు. కాని భూమికొరకు చచ్చిన రైతును దేశద్రోహియని వ్రాయుటకు మా కలము రాదు.

రాష్ట్రపు కల యేమైనది? విజయము చేజిక్కిన మూడు నెలలలోనే ధర్ కమిషను భాషారాష్ట్రములు కూడదని వ్రాసెను. హైదరాబాదు రాజ్యము చెక్కుచెదరక 1956 వరకు నిలిచినది. ఆంధ్రరాష్ట్రము యుద్ధమువలన రాలేదు; 1952 డిసెంబరు 15వ తేదీన పొట్టి శ్రీరాములుగారు ప్రాణము విడిచినందున, 1953 అక్టోబరు 1వ తేదీన వచ్చినది. ఆయుధము తేలేనిదానిని ఉపవాసము తెచ్చినది. ఇంకొక వింత. విమోచనానంతరము పొరుగు రాష్ట్రముల ఉద్యోగులు హైదరాబాదు కచేరీలలో నిండిరి. 1952లోనే ముల్కీ తగవు పుట్టి వరంగల్లునుండి రాజధానికి ప్రాకి, తుపాకికాల్పులవరకు వచ్చినది. 1956 నవంబరు 1వ తేదీన ఒక్కటైన రాష్ట్రమున 1969లో అదే గాయము రేగెను, 2014 జూన్ 2వ తేదీన రాష్ట్రము రెండయ్యెను. దీనికంతటికి 1948యే కారణమని మేమనము. కారణములు పెక్కు. అయితే విడిపించినవాడనని భుజము చరచుకొను అన్న, విడిపింపబడినవాడవు గదాయని తమ్ముని కుర్చీలో కూర్చున్నచో, ఆ యింట పొత్తు నిలువదు. ఆ కూర్చుండుట 1948లో మొదలైనది.

ఇక్కడ మాకొక యాక్షేపణ వినవచ్చును. "పొలిమేరవాడు కేకవేయకున్న ఢిల్లీవాడు వినునా? ఇల్లు కాలుచున్నవాడు కేకవేయుట నేరమా?" అని. నేరము గాదు. కేకవేయుట వాని హక్కు. వినుట రాజ్యము ధర్మము. ఆనాడు ఇవతలి జిల్లాలవారు మొరపెట్టకున్నచో బైరాన్‌పల్లులు ఇంకెన్ని జరిగియుండెడివో! కావున మేము సైనికచర్య తగదని వ్రాయుట లేదు. నైజాము సర్కారు దానిని తానే తెచ్చుకొన్నది. మేము కోరునదెల్ల, కేకవేయువాడు తన కేకను ముందు తాను విని చూచుకొనవలెనని. కాలుచున్నది నా యిల్లా, లేక ప్రక్కవాని యిల్లు కాలుచుండగా వాని దొడ్డి నాకు కలిసివచ్చునని అరచుచున్నానా? మంట ఆరినపిదప ఇంటికి పోయెదనా, లేక అక్కడనే మకాము వేసెదనా? మంటలోనికి దూకునది నా కొడుకా, లేక కూలివాని కొడుకా? ఈ మూడు ప్రశ్నలకు సూటిగా ప్రత్యుత్తరమీయగలవాడు ఎంత బిగ్గరగా అరచినను మేము వానితో గొంతు కలుపుదుము. ప్రకాశముగారు ఆ 1948లో వలదన్నను వినక హైదరాబాదునకు పోయి, రజ్వీని ముఖాముఖి చూచి హెచ్చరించి వచ్చిరి. వృద్ధుడై, పదవిలేనివాడై, ఒంటరిగా పోవుట ఒక తీరు. ఇవతలిగట్టున దండలు వేయించుకొని, తక్షణము సైన్యమును పంపుమని తంతి కొట్టుట ఇంకొక తీరు.

ఓర్పు పిరికితనము గాదని మన నేలయే చెప్పుచున్నది. ప్రత్తిపాటికి చేరువనున్న పెదనందిపాడు ఫిర్కాలో 1922 జనవరిలో పన్ను నిరాకరణము జరిగినది. పర్వతనేని వీరయ్యచౌదరిగారు శాంతిసేనను కూర్చిరి. గ్రామోద్యోగులు రాజీనామాలిచ్చిరి. సర్కారువారు పశువులను జప్తుచేసి వేలము పెట్టినను పాటపాడువాడు కరవయ్యెను. గెలుపు గుమ్మములో నిలుచున్నది. అట్టి తరుణమున గాంధీగారు ఆపుమనిరి. బార్డోలీ ముందు నడువవలెను, దేశము సిద్ధము కావలెను, మీ ఫిర్కా గెలిచిన చాలదు అని వారి భావము. మన రైతుల మనస్సు ఎంత మండియుండునో ఊహింపవచ్చును. అయినను ఫిబ్రవరిలో పన్ను కట్టిరి. గెలుచుచున్న పోరును దేశముకొరకు ఆపుట, ఓడుచున్న పోరును కొనసాగించుటకంటె కష్టము. మన జిల్లా పౌరుషమునకు పలనాటిని చూపుట అలవాటు. మేము పెదనందిపాటిని చూపెదము.

ఇది గడచిన కథ గదాయని చదువరులు పత్రికను మడిచిపెట్టవలదు. 2023 నవంబరు 30వ తేదీన, తెలంగాణములో ఓట్లు పడు దినమున, ఇంకను తెల్లవారకముందే, నాగార్జునసాగరము ఆనకట్టపై ఏమి జరిగినది? ఆంధ్ర పోలీసులు వందలాదిగా పోయి ఆనకట్టలో సగమును, కుడికాలువ తూములను తమ వశము చేసికొని నీరు వదలిరి. తెలంగాణ పోలీసులు ఎదురు నిలిచిరి. ఒకే భాషలో తిట్టుకొను రెండు దళములు కృష్ణ నడుమ కంచెవేసికొని నిలువగా, కేంద్రపు రిజర్వు పోలీసులు వచ్చి నడుమ నిలువవలసివచ్చెను. కుడికాలువ గుంటూరు ప్రకాశము జిల్లాల ప్రాణము. ఆ నీటిలో మన వాటా న్యాయమైనదే. కాని న్యాయమైన వాటాను తెల్లవారుజామున, ఎన్నికల దినమున తీసికొనుటకు ఏ ప్రేరణ కలదు? పైరు ఎండుటయా, ఓటు పండుటయా? ఆ దినము మన ఊళ్లలో కొందరు టపాసులు కాల్చు సంబరముతో మాటలాడిరి. మిరపతోటకు తడి కావలసిన రైతు మాత్రము నీరు ఎన్నాళ్లు వచ్చునని అడిగెను. యుద్ధోత్సాహమునకు, రైతు ప్రశ్నకు నడుమనున్న దూరమే మేము చెప్పదలచినదంతయు.

ప్రత్తి పండించువానికి దూరపు యుద్ధముల రుచి తెలియును. 1861లో అమెరికాలో అంతర్యుద్ధము రేగి అక్కడి ప్రత్తి ఇంగ్లాండునకు పోకపోగా, మన దేశపు ప్రత్తికి కనివిని యెరుగని వెల పలికినది. 1865లో యుద్ధము నిలిచినతోడనే ఆ వెల కూలి, అప్పుచేసి ప్రత్తి వేసినవాడు మునిగెను. లాభము దళారి మూటగట్టుకొనెను, నష్టము రైతు నెత్తికెత్తుకొనెను. యుద్ధము తెచ్చు కీర్తికిని ఇదే లెక్క. కీర్తి వేదికపైవానిది, ఋణము పొలములోనివానిది, వాని బిడ్డలది.

నేడు కేకకు బెజవాడ మైదానము అక్కరలేదు. ఇంట గోడకు వ్రేలాడు టెలివిజను పెట్టెయు, చేతిలోని ఫోనును చాలును. రాత్రి తొమ్మిది గంటలకు ప్రతి గదిలోను ఒక సేనాపతి కూర్చుండి, ఈ పూటనే తేల్చవలెనని గర్జించుచుండును. అట్టివేళ పఠనమందిరములో దీపముక్రింద కూర్చుండి పత్రిక చదువు పదిమంది దేశమునకు కావలయును. వారు కేకను విందురు, కాని అడుగుదురు. ఎవరి యిల్లు కాలుచున్నది? ఎవరి దొడ్డిపై కన్నున్నది? ఎవరి బిడ్డ పోవుచున్నాడు? ఈ ప్రశ్నలు దేశద్రోహమని అరచువారు లేకపోరు. దేశభక్తికి ప్రశ్న శత్రువు గాదు. ప్రశ్నకు నిలువని యుద్ధము ధర్మయుద్ధము గాదు; ప్రశ్నకు నిలిచిన యుద్ధమునకు మన బిడ్డలను పంపుటకు మనము వెనుదీయము.

రాబోవు సెప్టెంబరు 17వ తేదీన ఆవలిగట్టువారు తమకు తోచిన పేరుతో ఆ దినమును జరుపుకొందురు. ఇవతలిగట్టువారము మనమొక పని చేయవలెను. ప్రతి గ్రంథాలయమునందును ఆ సాయంకాలము పదిమందిమి కూడి, బైరాన్‌పల్లిలో పడినవారిని, షోయబుల్లాఖానును, లాతూరు బీదరులలో చంపబడిన నిరపరాధులను, భూమికొరకు చచ్చిన రైతులను, ఒకే వరుసలో తలచుకొందము గాక. ఆ వరుసలో ఒక్కరి పేరు చెప్పుటకు మన నోరు తడబడినచో, మన కేకలో ఇంకను స్వార్థమున్నదని తెలిసికొందము గాక. పలనాటి వీరులగుడిలో వీరుల ఆయుధములను ఒక్కచోటనే పూజించుచున్న జాతి మనది. ఆ మాత్రము హృదయము మనకు లేకపోదు.